లింకు లేదు

నేను ఒక నీలం తీగను. రెండు బారల పొడవు ఉంటాను. లోపల ఎనిమిది సన్నని రాగి నరాలు, రెండు కొసలా గాజులాంటి ప్లాస్టిక్ మూతులు, ఒక్కో మూతిలో ఎనిమిది బంగారు రంగు పళ్లు. నన్ను చూసి ముచ్చటపడినవాళ్లు లేరు. బట్టలారేయడానికి పనికొస్తుందా అని మాత్రం చాలామంది పట్టి లాగి చూశారు. నేను చేసే పని వేరు. రెండు కంప్యూటర్ల మధ్య పడుకుని, దీని దగ్గరున్నది దానికి చేరవేస్తాను. ఎనిమిదేళ్లు మనుషుల కాళ్ల దగ్గర పడున్నాను. ఇది ఇష్టంగా చెప్పే కథ కాదు. గొంతులో అడ్డం పడినది కక్కుకోవడం, అంతే.

నన్ను విశాఖపట్నంలో ఒక పెద్ద చుట్టలోంచి కోసి తెచ్చారు. మూతులు బిగించింది మాత్రం కోడిపేట చెరకు ఆఫీసులోనే. బిగించినవాడి పేరు డేనియలు. నడివయసు మనిషి, మాట తక్కువ. బెంచీ మీద కూర్చుని నా తోలు రెండంగుళాలు ఒలిచి, ఎనిమిది నరాలనూ వేళ్లతో దువ్వి, రంగుల వరుస చూసుకుని ఒక మూతి బిగించాడు. రెండో కొస దగ్గర రెండు జతల వరుస మార్చేశాడు. గుమాస్తా కూర్మారావు అది చూసి, "అటొకలాగ ఇటొకలాగ పెట్టినారేటండీ, పొరపాటు పడ్డారు" అన్నాడు.

"పొరపాటు కాదండి. ఇద్దరే ఎదురెదురుగా మాట్లాడుకోవాలంటే ఒకరికి నోరున్నచోట రెండోవారికి చెవి ఉండాలి. రెండుపక్కలా నోళ్లే పెడితే ఇద్దరూ అరుస్తారు, వినేవాడుండడు" అన్నాడు డేనియలు.

నా జన్మలో నా గురించి ఒక మనిషి పలికిన మంచిమాట అదొక్కటే.

ఆ ఆఫీసు సంగతి కొంచెం చెప్పాలి. చుట్టుపక్కల పాతిక ఊళ్ల చెరకు అక్కడికి ఆరు మైళ్ల దూరంలోని ఫ్యాక్టరీకి వెళుతుంది. ఫ్యాక్టరీ రోజుకు ఇంత చెరకు అని మాత్రమే గానుగ ఆడుతుంది కాబట్టి రైతు తన ఇష్టం వచ్చినప్పుడు చెరకు కొట్టడానికి లేదు. ఆఫీసు పర్మిట్ ఇవ్వాలి. ముందు నాటినవాడికి ముందు పర్మిట్, ఇదీ నియమం. పర్మిట్ లేకుండా కొడితే చెరకు గెడ రెండురోజుల్లో ఎండిపోతుంది. పర్మిట్ ఆలస్యమైతే నిలువునా పూత పూసి, లోపల బెండు పడుతుంది. బెండు పడిన చెరకు నమిలితే నోట్లో దూది నమిలినట్టుంటుంది.

ఎవరు ఏ రోజు నాటారో ఆ లెక్కంతా పాత కంప్యూటర్లో ఉండేది. నల్లని తెర, పచ్చని అక్షరాలు. దానికి తెలిసింది డాస్ ఒక్కటే. పేరు ఎనిమిది అక్షరాలు దాటితే పలకలేదు. దానికి ప్రోగ్రాం రాసిపెట్టినాయన ఎప్పుడో పోయాడు. దాన్ని మార్చడం ఆ ఆఫీసులో ఒక్కడికీ రాదు. అందుకే అది నిజాయితీగా ఉండేది. పర్మిట్లు తెలుగులో అచ్చువేసేది రెండో కంప్యూటరు. ఇది విండోస్ మిషను. అదీ కొత్తదేమీ కాదు, పెద్దాఫీసువాళ్లు వాడి వదిలేసినది. మునుపు పాతదాంట్లోంచి ఫ్లాపీ మీద జాబితా ఎక్కించి ఇందులో దింపేవారు. ఫ్లాపీ పెట్టే బొక్కలో బల్లి దూరి చచ్చింది. దాంతో ఆ దారి మూసుకుపోయింది. అందుకని నన్ను తెచ్చారు.

డేనియలు రెండు రోజులు పట్టాడు. పాతదానికి ఒక కార్డు తొడిగాడు. రెంటికీ చెరో పేరు పెట్టాడు, ఇద్దరినీ ఒక గుంపులో చేర్చాడు. ఇద్దరికీ అర్థమయ్యే ఒక వాడుక నేర్పాడు. పాతదాంట్లో జాబితా ఉన్న అర ఒక్కటి తెరిచిపెట్టి, "ఇది చదువుకోవచ్చు, దిద్దడానికి లేదు" అని కట్టడి చేశాడు. అప్పుడు నన్ను రెంటికీ తగిలించాడు. నా మూతి పక్కన చిన్న పచ్చదీపం వెలిగింది. పుట్టుకలో, వయసులో, భాషలో దేనికీ పొత్తులేని రెండు మిషన్లు ఒకదాని మాట ఒకటి విన్నాయి. పాతది తన దగ్గర ఉన్నది ఉన్నట్టు ఇచ్చింది. కొత్తది ఇచ్చింది ఇచ్చినట్టు పుచ్చుకుంది. మధ్యలో నేను ఒక్క అక్షరం తినలేదు.

ఇదంతా శ్రావణమాసంలో జరిగింది. రెండు నెలలు హాయిగా బతికాను.

తరవాత దసరా వచ్చింది.

ఆ ఆఫీసులో దాలినాయుడని ఒక అటెండరు ఉండేవాడు. చెడ్డవాడు కాదు. భక్తి ఎక్కువ, చేతులు శుభ్రం తక్కువ. ఆయుధపూజ నాడు కాటాకీ, జీపుకీ, టైపుమిషనుకీ, బీరువాకీ, నీళ్ల మోటారుకీ అన్నిటికీ పసుపు రాసి బొట్లు పెట్టాడు. కంప్యూటర్ల తెరల మీద మూడేసి నామాలు పెట్టాడు. మౌసు కింద నిమ్మకాయ పెట్టి నొక్కాడు, అది చితికింది. ఆఖరికి నన్ను చూశాడు.

"ఈ తీగ వల్లే గదా పనంతా అవుతాది. దీన్ని మరిసిపోతే ఎలాగ?" అన్నాడు.

మర్చిపోయి ఉంటే ఎంత బాగుండేది. నన్ను రెండుపక్కలా ఊడబీకి, నూనె కలిపిన కుంకం ముద్ద బొటనవేలితో తీసి నా నోట్లో కుక్కాడు. ఒక కొస అయ్యాక రెండో కొస. పళ్ల సందుల్లోకి దిగేదాకా అదిమాడు. పైన పసుపు నీళ్లు చల్లాడు. దణ్ణం పెట్టాడు. మళ్లీ తీసుకెళ్లి రెండు మిషన్లకీ గుచ్చాడు. ఆ రోత ఎలా చెప్పను? అన్నం తినే నోట్లో ఎవరో గౌరవంగా మట్టి పోసినట్టు. పచ్చదీపం ఆరిపోయింది. హారతి వెలుగులో అది ఎవరికీ కనబడలేదు.

మార్గశిరంలో ఫ్యాక్టరీలో గానుగ ఆట మొదలైంది. కూర్మారావు జాబితా కోసం నొక్కాడు. రాలేదు. ఆపి మళ్లీ పెట్టాడు. రాలేదు. పాతదాని నెత్తి మీద చరిచాడు. అది పడమటి ముఖంగా ఉందని ఎవరో అంటే బల్లతో సహా తూర్పుకు తిప్పారు. అప్పటికీ రాలేదు. ఇద్దరు పెద్దమనుషులు మిషను చుట్టూ తిరిగి చూశారు గానీ, ఊడబీకి నా నోట్లోకి ఒక్కడూ చూడలేదు. పూజ చేసిన వస్తువులో తప్పుంటుందని వాళ్లకు తోచదు.

"డేనియల్ని పిలిపించాలండి" అన్నాడు కూర్మారావు.

"ఉత్తరం రాస్తాలే" అన్నాడు ఆఫీసరు.

కేన్ ఆఫీసరు పేరు విశ్వేశ్వర్రావు. తెల్లని మనిషి, తెల్లని బట్టలు, ఎప్పుడూ నోట్లో లవంగం. ఉత్తరం రాయలేదు. మొదటి రెండురోజులూ నిజంగానే మరిచాడు. మూడోరోజు ఫ్యాక్టరీ ప్రెసిడెంటు బావమరిది వచ్చి, మజ్జిగ తాగి, మాటల్లో తన చెరకు సంగతి ఎత్తాడు. జాబితాలో అతని నంబరు రెండువందల పద్నాలుగు. ఆ సంగతి నాకు తెలుసు, ఎన్నోసార్లు నాలోంచి వెళ్లింది. కానీ జాబితా ఇప్పుడు పాతదాని కడుపులో ఇరుక్కుంది. దాని తెర మీద చూసి ఒక్కో పేరూ ఎత్తి రాసుకునే ఓపిక అక్కడెవరికీ లేదు. విండోస్ మిషనులో ఏ పేరు టైపు చేస్తే ఆ పేరు మీద పర్మిట్ వస్తుంది. విశ్వేశ్వర్రావు కూర్మారావు వైపు చూశాడు. కూర్మారావు కీబోర్డు వైపు చూశాడు. మొదటి పర్మిట్ అలా పుట్టింది.

ఆ రోజు నుంచి ఉత్తరం మాట ఎవరూ ఎత్తలేదు.

కిటికీ దగ్గరికి రైతులు వచ్చేవారు. "మా నంబరు ఎప్పుడొస్తాదండీ?" అనేవారు. "లింకు లేదు" అనేవాడు ఆఫీసరు. ఆ రెండు మాటలతో మనిషి వెనక్కి తిరిగిపోయేవాడు. వానలేదు అన్నట్టు, కరెంటు లేదు అన్నట్టు. ఎవరి తప్పూ కాదన్నట్టు. విశ్వేశ్వర్రావుకు ఒక అలవాటుండేది. బల్ల కింద చెప్పులు విడిచి, కాలి బొటనవేలితో నన్ను దొర్లిస్తూ ఉండేవాడు. "లింకు లేదు" అన్న ప్రతిసారీ ఆ వేలు నన్ను నేలకేసి నొక్కేది. చెమట పట్టిన మెత్తని వేలు. కుంకం కన్నా ఆ వేలే నాకు ఎక్కువ అసహ్యం. కుంకం పెట్టినవాడికి తెలియదు.

పైడమ్మ అందరిలాంటి మనిషి కాదు. భర్త పోయిన పదేళ్లుగా ఎకరంన్నర చెరకు ఒక్కతే చూసుకుంటోంది. నల్లగా, ఎముకలు గట్టిగా, మోకాళ్ల దాకా ఎగ్గట్టిన చీర. నంబరు పదకొండు. పుష్యం నుంచి వారానికోసారి వచ్చేది. వచ్చినప్పుడల్లా తన చేలోంచి ఒక గెడ విరిచి తెచ్చి, కిటికీలోంచి లోపలికి పెట్టి, "సూడండి బాబూ, ఎంత తేలికైపోనాదో" అనేది. ఆమెతో పాటే వచ్చేవాడు అప్పలసూరి, ఆమెకు వరసకు బావ, పక్కచేను. ఇద్దరూ రెండు రోజుల తేడాలో నాటారు. అతని నంబరు పన్నెండు. అతను పక్కన నిలబడి, తలపాగా విప్పి మొహం తుడుచుకుని మళ్లీ చుట్టుకునేవాడు.

మాఘంలో ఒక మధ్యాహ్నం ఆఫీసరు ప్రెసిడెంటుగారింట్లో భోజనానికి వెళ్లాడు. కూర్మారావు ఒక్కడే ఉన్నాడు. పైడమ్మ ఒక్కతే వచ్చింది. ఈసారి తెచ్చిన గెడ నిలువునా చీల్చి ఉంది. నడుమంతా తెల్లని బెండు, వేలు లావున.

"ఇంకో పదిరోజులకి కట్టెలైపోతాది బాబూ. పొయ్యిలో పెట్టుకోడానికే. ఇదే నా యేడాది తిండి" అంది.

"నేనేటి సెయ్యనప్పా, లింకు లేదు గదా" అన్నాడు కూర్మారావు. ఆమెను అక్క అన్నట్టు అప్ప అనేవాడు.

"అందరూ ఆ మాటే అంటారు. లింకంటే ఎక్కడుంటాది? పైనుంటాదా, ఊరిబయటుంటాదా? ఓపాలి నాకు సూపించు."

కూర్మారావుకు నవ్వొచ్చింది. "ఊరిబయట కాదప్పా, నా బల్ల కిందే ఉంది" అని నన్ను ఊడబీకి, కొస ఎత్తి కిటికీ చువ్వల దగ్గర పెట్టాడు. "ఇదిగో, ఇదే లింకు."

ఆమె కళ్లు చిట్లించి నా నోట్లోకి చూసింది. డేనియలు తరవాత అలా చూసింది ఆమే.

"ఓలమ్మ! ఇదేటి బాబూ, దీని నోటినిండా కుంకం?"

"దసరాకి పెట్టాడు దాలినాయుడు."

"కుంకం పెడితే కరెంటు ఎలాగ పారతాది? మా మోటారు స్టార్టరు పాయింట్లు మసిబారిపోనాయి రెండేళ్ల కిందట. కొత్తది కొనమన్నారు అందరూ. మా సూరిబావొచ్చి, కొనడమెందుకే పిచ్చిదానా అని, గరుకు కాయితం పెట్టి గీకి సూపించినాడు. టక్కున పట్టుకున్నాది. మోటారు నేని ఆ పదిరోజులూ ఆడి నీళ్లే నా సేలోకి ఒగ్గినాడు గూడా. ఇదీ కరెంటు సామానే గదా? గీకు."

టైపు అక్షరాలు తుడిచే స్పిరిటు సీసా ఉంది. కూర్మారావుకు చేతులు రాలేదు. ఆమే లోపలికి వచ్చి నేలమీద కూర్చుని, చీపురుపుల్లకు చీర చెంగు పేలిక చుట్టి, స్పిరిటులో ముంచి, నా ఎనిమిది పళ్లూ ఒకటొకటిగా తుడిచింది. పసిపిల్లకు చెవి తుడిచినట్టు. రెండో కొస కూడా తుడిచింది. మిషన్ల వెనక బొక్కలు కూడా తుడిచింది. పేలిక ఎర్రగా అయింది. నేను ఆ ఆఫీసులో ఎవరి చెయ్యినైనా ఇష్టపడ్డానంటే అదొక్కటే. అందుకే తరవాతి సంగతి చెప్పడానికి మనసొప్పదు.

కూర్మారావు నన్ను గుచ్చాడు. పచ్చదీపం వెలిగింది.

నాలుగు నెలలుగా ఇరుక్కున్న జాబితా నాలోంచి గుక్కతిప్పుకోకుండా దూకింది. ఒకటో నంబరు నుంచి చివరిదాకా ఒక్క పేరు పోలేదు. కూర్మారావు తెర చూస్తూ నాలిక పెదాల మీద ఆడించాడు. మొదటి యాభైలో పర్మిట్ అందింది పదిమందికి. చివరి వందలో అందింది నలభైమందికి పైగా. వాటిమీద టైపు కొట్టింది తనే.

"వచ్చిందా బాబూ?"

"వచ్చిందప్పా." కూర్మారావు లేచాడు. వెళ్లి వాకిలి తలుపు దగ్గరగా వేశాడు. "నీది తీసిచ్చేస్తాను. ఆఫీసరుగారు సంతకం చేసిన ఖాళీ కాగితాలున్నాయి. పట్టుకెళ్లి రేపే కొట్టించీ. ఎవరితోనూ అనకు."

"సూరిబావదీ తీయి బాబూ. నా ఎనకాల నంబరే గదా."

"ఒకటంటే ఎలాగో తోసీగలను. రెండు తీస్తే ఆఫీసరుగారు అడుగుతారు. సూరికిస్తే రేపు అతని తమ్ముడొస్తాడు. లింకొచ్చిందని తెలిస్తే ఊరంతా ఈ కిటికీ మీద పడతాది. నా ఉద్యోగం ఊడిపోతాదప్పా."

"ఆడు నాకు నీళ్లిచ్చినాడు బాబూ."

"నీది కావాలా, వొద్దా?"

ఆమె చీల్చిన గెడ చేతిలోకి తీసుకుంది. వేలితో బెండు నొక్కింది. అది దిగబడింది. నొక్కినచోట గుంట పడి, అలాగే ఉండిపోయింది. నాకు తెలుసు, ఆమె అడగవలసిన మాట ఒకటుంది. జాబితా అంతా అచ్చువేసి గోడకు అంటించు అనవలసింది. ఆ మాట ఆమె నాలిక దాకా వచ్చిందని నా అనుమానం. అనుమానమే.

"తీయి" అంది.

ప్రింటరు కర్రకర్రమని అరిచింది. ఆమె కాగితం నాలుగు మడతలు పెట్టి రవికెలో దోపుకుంది. కూర్మారావు వంగి, నన్ను మిషను వెనక నుంచి కొంచెం, గోరంత వెనక్కి లాగాడు. చూసేవాడికి తగిలినట్టే ఉంటుంది. దీపం ఆరిపోయింది. ఇన్నాళ్లూ తప్పు దాలినాయుడి కుంకానిది. ఇది తెలిసి చేసిన పని.

ఆమె గుమ్మం దాటుతుండగా ఎదురుగా అప్పలసూరి. మండుటెండలో నడిచొచ్చాడు. తలపాగా విప్పి మొహం తుడుచుకుంటూ అడిగాడు.

"ఏటే పైడీ, లింకొచ్చిందా?"

నేను బల్ల కింద ఉన్నాను. ఆమె పాదాలు మాత్రమే కనబడుతున్నాయి. కుడికాలి బొటనవేలు గుమ్మం రాతిని ఒకసారి గట్టిగా నొక్కింది.

"నేదు బావా. లింకు నేదు."

అతను తలపాగా మళ్లీ చుట్టుకున్నాడు. ఇద్దరూ కలిసే ఇంటికి వెళ్లారు.

మర్నాడే ఆమె చెరకు ఫ్యాక్టరీకి వెళ్లింది. ఊళ్లో ఏమని చెప్పుకుందో నాకు తెలియదు. ఆఫీసరును కాళ్లా వేళ్లా పడి బతిమాలుకున్నానని చెప్పి ఉంటుంది. అలాంటి మాట ఎవరైనా నమ్ముతారు. ఆఫీసరు కూడా ఆ కాగితం సంగతి అడగలేదు. తనకు తెలియకుండా పోయిన పర్మిట్ ఒకటుందని ఒప్పుకోవాలంటే మిగిలినవి తెలిసే ఇచ్చానని ఒప్పుకోవాలి.

వానాకాలంలో మరుసటేడు నాట్లు నమోదు చేసుకోవడానికి రైతులు కిటికీ దగ్గర వరస కట్టారు. అప్పలసూరి, అతని వెనక పైడమ్మ. ఊరికే పలకరించినట్టు కూర్మారావు అతన్ని అడిగాడు.

"పోయినేడు నీ చెరకు ఏమైంది సూరీ?"

"ఉగాది ఎల్లినాక ఒచ్చినాది బాబూ పర్మిట్టు. రెండు బళ్లు ఫ్యాక్టరీ కాడ బెండని తిప్పికొట్టినారు. మిగిలింది బెల్లం గానకి తోలినాను. ఎంత కాసినా పాకం ముద్ద కట్టనేదు. కుడితిలో కలిపి గొడ్లకి పోసేసినాను." కోపం లేదు అతని గొంతులో. "ఎవుల్నేటి అంటాం? లింకు నేదు గదా. అయినా మా పైడి మంచి మనిసి బాబూ. ఈ ఏసంగిలో నానడక్కుండానే తన నీళ్ల వంతు రెండుపాళ్లు నా సేలోకి ఒగ్గీసినాది. ఇలాటి మనిసి పక్కసేనుండటం నా అదృట్టం."

కూర్మారావు కలం నిబ్బు చూసుకున్నాడు. పైడమ్మ అప్పలసూరి వీపు వెనక నుంచి, కిటికీ చువ్వల సందులోంచి, వంగి బల్ల కిందకు చూసింది. నన్ను చూసింది. అంతకుముందు నా నోట్లోకి కుంకం కోసం చూసిన కళ్లే అవి. ఈసారి ఎక్కువసేపు చూడలేకపోయాయి.

ఆ తరవాత చెప్పుకోదగ్గది లేదు. డేనియలు మళ్లీ రాలేదు, రమ్మన్నవాళ్లు లేరు. కొన్నేళ్లకు ఫ్యాక్టరీ ఆగిపోయింది. పాత కంప్యూటరు ఒక లారీలో, విండోస్ మిషను ఇంకో లారీలో వెళ్లిపోయాయి. ఎవరి జాబితా వారి కడుపులోనే. నన్ను పాత సామాన్ల దుకాణంలో తుప్పు పట్టిన కుర్చీల కట్టకు చుట్టారు. రెండో మూతిలో ఆఖరి పంటి వెనక ఒక కుంకం రేణువు ఇంకా ఉంది. వానొచ్చినప్పుడు ఎర్రగా కారుతుంది.

దుకాణం వాడు మొన్న నన్ను బలంగా లాగి చూశాడు. "గట్టిదే, తెగదు" అన్నాడు.

నిజమే. ఆ ఆఫీసులో ఉన్న ఎనిమిదేళ్లలో నేను ఒక్కరోజు కూడా తెగలేదు.